దిగొద్దన్న చోట దిగాను

మా మామగారు పోయారన్న కబురు నాకు కాలువ అవతల, సముద్రపు ఒడ్డున జాలర్ల పాళెంలో అందింది. ఒక చంటిబిడ్డ తల్లి ఇంటి ముందు చాప మీద కూర్చుని, బిడ్డకు రాగిజావ ఎంత పలచగా కాచాలో చూపిస్తున్నాను. మా పొలం చేసే మనిషి ఇసకలో పడుతూ లేస్తూ వచ్చి పందిరి గుంజ పట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా, పెద్దాయన పోయినాడు. అన్నం తిని పడుకున్నోడు మళ్ళా లెయ్యలా. ఎండలు గదా, పొద్దుగూకేలోపల ఎత్తేయాలంటున్నారు. నువ్వు సైకిలు మీద ముందు పో, నేను ఎనక నడిచొస్తా" అన్నాడు.

పొద్దు ఇంకా చాలానే ఉంది. సైకిలు గోడకు ఆనించి ఉంది. చక్రాల్లో గాలి నిండుగా ఉంది, ఆ పొద్దున్నే ఆయన బొటనవేలితో నొక్కి చూసిన గాలి అది. ఆయన ముఖం చివరిసారి చూడాలంటే నేను చేయవలసిందల్లా ఆయన నేర్పిన విద్యతో ఇల్లు చేరడమే. చేరలేకపోయాను. సైకిలు చెడిపోలేదు, దారిలో నీళ్ళు అడ్డం రాలేదు, నేను పడలేదు. ఎందుకు చేరలేకపోయానో చెప్పకుండా ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాసి ఊరుకుంటే అది ఆయన్ను మోసం చేయడమే అవుతుంది. కాని అది తెలియాలంటే ముందు ఆయన నాకు సైకిలు ఎట్లా నేర్పారో తెలియాలి.

మాది తోటపల్లి గూడూరు దగ్గర, కాలువకు పడమట ఉన్న చిన్న ఊరు. మామగారు వరి పండించే రైతు. ఎద్దుల బండి తోలడంలో ఆయన పెట్టింది పేరు. సైకిలు మాత్రం జన్మలో ఎక్కలేదు. చక్రాలు పక్కపక్కన ఉంటే నిలబడతాయి గాని ఒకదాని వెనక ఒకటి పెడితే ఎట్లా నిలబడతాయని నవ్వేవారు. అట్లాంటి మనిషి తన కోడలికి సైకిలు నేర్పారంటే, చదివేవాళ్ళకు అది కొంచెం విడ్డూరంగానే ఉంటుంది. మా ఊళ్ళో చూసినవాళ్ళకూ అట్లాగే ఉండింది.

కొత్తగా బ్లాకు ఆఫీసులు పెట్టిన రోజులవి. నేను పెళ్ళికి ముందే స్కూలు ఫైనలు పాసయ్యాను కాబట్టి గ్రామసేవికగా తీసుకున్నారు. పొగ రాని పొయ్యి ఎట్లా కట్టుకోవాలో, పెరట్లో ఏ కూర వేసుకోవాలో, పసిబిడ్డలకు ఏం పెట్టాలో ఊరూరా తిరిగి ఆడవాళ్ళకు చెప్పే పని. నా ఊళ్ళన్నీ కాలువకు అటూ ఇటూ చెల్లాచెదురుగా ఉన్నాయి. ఆఫీసువాళ్ళు ఒక సైకిలు ఇచ్చి, నేర్చుకోవడానికి కొంత గడువు పెట్టారు. గడువులోగా తొక్కడం రాకపోతే ఉద్యోగం వేరే వాళ్ళకు పోతుందని మర్యాదగానే చెప్పారు.

మా ఆయన బడిపంతులు, నెమ్మదైన మనిషి. నేర్పించమని అడిగితే, పెళ్ళాన్ని సైకిలు ఎక్కించి వెనక పరుగెత్తితే రేపు బడిలో పిల్లలు నా మాట వింటారా అన్నాడు. ఆయన్ను తప్పు పట్టను. నాకే సిగ్గుతో చచ్చినట్టుగా ఉంది. ఆ సైకిల్ని వసారాలో చాప కప్పి దాచాను. మరునాడు మామగారు అన్నం తింటూ, వడ్డిస్తున్న అత్తగారితో, "అమ్మాయిని సాయంత్రం ఇసకలోకి రమ్మను, నువ్వూ రా" అన్నారు. అంతే.

మా ఇళ్ళల్లో కోడలు మామగారి ఎదట పడదు. ఆయన లోపలికి వస్తే నేను తలుపు చాటుకు పోవాలి. వీధిలో కనిపిస్తే తల వంచుకుని పక్కకు తప్పుకోవాలి. ఆయన నాకు చెప్పవలసింది అత్తగారికి చెప్పేవారు, ఆమె నాకు చెప్పేది. నేను కాపురానికి వచ్చినప్పటి నించి ఆయన నాతో నేరుగా ఒక్క మాట అన్నది లేదు. సైకిలు నేర్పడంలోనూ ఆయన ఆ పద్ధతి తప్పలేదు.

సైకిల్ని బండిలో పడుకోబెట్టి, పక్కన మమ్మల్ని కూర్చోబెట్టి, కాలువ దాటించి సముద్రం ఒడ్డుకు తోలుకుపోయారు. అల వెనక్కి పోయిన చోట తడి ఇసక గట్టిగా, చదునుగా ఉంటుంది. పడ్డా దెబ్బ తగలదు. పట్టపగలే తీసుకుపోయారని నేను లోలోపల ఏడ్చుకున్నాను. వలలు బాగు చేసుకునేవాళ్ళంతా పని ఆపి చూస్తున్నారు. చీకటితో రావచ్చు గదా అని అత్తగారి చేత అనిపించాను. "చీకట్లో నేర్చుకుంటే చీకట్లోనే తొక్కాల, ఉద్యోగం పగలు గదా" అని జవాబు వచ్చింది.

ఆయన నన్ను తాకకూడదు, నేనెక్కిన సీటు కూడా పట్టుకోకూడదు. అందుకని ఒక పొడుగాటి వెదురు బొంగు తెచ్చి వెనక క్యారియరుకు కట్టారు. నేను సైకిలు మీద, బొంగు చివర పట్టుకుని దూరంగా ఆయన. ఒడ్డున గొడుగు వేసుకుని అత్తగారు. ఆయన అత్తగారి వైపు చూసి, "చూపు దూరం పెట్టమను" అనేవారు. ఆమె గొంతెత్తి, "చూపు దూరం పెట్టాలంట!" అని అరిచేది. ఆ మాట గాలిలో తిరిగి తిరిగి నా చెవిన పడేసరికి నేను ఇసకలో పడి ఉండేదాన్ని.

మొదట చాలా రోజులు ఎక్కనివ్వలేదు. దిగడమే నేర్పించారు. ఆగిన సైకిలు మీద కూర్చోవాలి, దిగాలి. నెమ్మదిగా నడుస్తున్న దాని మీద నించి ఎడమ కాలు మీద దిగాలి. బ్రేకు పట్టి, ఒక కాలు ఆనించి, చీర సర్దుకుని, వెనక ఏదీ రావడం లేదని చూసుకుని అప్పుడు రెండో కాలు పెట్టాలి. ఇదేం చదువని నాకు విసుగు. ఎద్దు పరుగు తీస్తే బండి నించి దూకలేనివాడికి పగ్గాలివ్వకూడదని ఆయన నమ్మకం. దిగడం చేతగాక ఎక్కినవాడు ఎక్కడో ఒకచోట పడతాడని అత్తగారి చేత రోజూ చెప్పించేవారు.

ఒక సాయంత్రం కొంత దూరం పోయాక నా వెనక ఇసకలో ఏదో గీరుకుంటున్న చప్పుడు వినపడింది. అలల చప్పుడేమో అనుకుని తొక్కుతూనే ఉన్నాను. చివరికి, నేర్పినట్టే దిగి వెనక్కి తిరిగితే ఆయన చాలా దూరంలో చేతులు వెనక్కి కట్టుకుని నించుని ఉన్నారు. అత్తగారు నా దగ్గరికి వచ్చి, చెయ్యి పట్టుకుని వెనక్కి నడిపించి ఇసకలో గీతలు చూపించింది. చక్రాల గీత పక్కన కొంతదూరం ఆయన పాదాల గుర్తులున్నాయి. ఒకచోట పాదాలు ఆగిపోయి, బొంగు ఈడ్చుకుపోయిన గీత మొదలయింది. "ఈడనించి నువ్వే తొక్కినావంట" అంది. గీత వంకర టింకరగానే ఉంది. అయినా నాకు దాన్ని వదిలి రావాలనిపించలేదు. కాసేపటికి అల వచ్చి తుడిచేసింది.

ఆయనకు అన్నీ తెలుసని నేను అనడం లేదు. తెలియని చోట్ల ఆయన చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఉప్పు గాలికి తుప్పు పడుతుందని ఒకరోజు ఆయన సైకిలుకు సేవ చేశారు. బండి ఇరుసుకు ఎట్లా కందెన పూస్తారో అట్లాగే సైకిలుకు గొలుసు నించి మొదలుపెట్టి కదిలే చోటల్లా పూశారు. చక్రాల అంచులకూ, వాటిని పట్టే బ్రేకు రబ్బరు ముక్కలకూ కూడా దండిగా పట్టించారు. ఆ సాయంత్రం కాలువ వంతెన మిట్ట దిగేటప్పుడు సైకిలు నా మాట వినడం మానేసింది. వెనక బండి తోలుకొస్తున్న మామగారు పద్ధతీ పాడూ అన్నీ మరిచిపోయి, "బ్రేకు పట్టమ్మా! బ్రేకు పట్టు!" అని కేకలు పెట్టారు. ఆయన నాతో నేరుగా అన్న మొదటి మాట అదే. పట్టాను. పట్టినకొద్దీ జారింది. కాలువ పక్కన బురదలో నడుముదాకా దిగబడ్డాను.

దెబ్బ ఏమీ తగల్లేదు గాని ఆయన ముఖం చూడలేకపోయాం. ఆ పూట అన్నం తినలేదు. మరునాడు నెల్లూరు పోయి ఒక సైకిలు అంగడి ముందు సాయంత్రందాకా కూర్చుని, వాళ్ళు ఎక్కడ నూనె వేస్తున్నారో, ఎక్కడ వేయడం లేదో చూసి వచ్చారు. రాగానే కిరసనాయిలు గుడ్డతో ఆ కందెనంతా తుడిచి, బూడిదతో తోమారు. ఆ తరువాత కొన్నాళ్ళు నేను బయలుదేరే ముందు, సైకిల్ని పది అడుగులు తోసి బ్రేకు పట్టి చూడకుండా పంపేవారు కాదు. వెనక చక్రంలో చీర పడకుండా పాళెంవాళ్ళ చేత వల తాడుతో జాలీ అల్లించి కట్టించింది కూడా అప్పుడే. ఆఫీసువాళ్ళు తరువాత మిగిలిన సేవికల సైకిళ్ళకూ అట్లాంటివి కట్టించమన్నారు.

గడువులోపలే నాకు సైకిలు వచ్చింది, ఉద్యోగం నిలిచింది. కాని సిగ్గు పోలేదు. మా ఊరి మలుపులో టీ అంగడి ముందు ఒక పొడుగు బల్ల ఉంది. సాయంత్రమయ్యేసరికి మామగారూ, ఆయన ఈడు పెద్దవాళ్ళు ముగ్గురూ దాని మీద కూర్చునేవారు. వాళ్ళలో ఒకాయనకు చెవుడు. పెద్దవాళ్ళు కనిపిస్తే సైకిలు దిగి, నడిపించుకుపోయి, వాళ్ళను దాటాక మళ్ళీ ఎక్కడం మా వైపు మర్యాద. మగవాళ్ళే దిగుతారు, ఇక ఆడదాని సంగతి చెప్పాలా? పైగా అక్కడున్నది మామగారు. నేను రోజూ మలుపు తిరగ్గానే ఆయన తలగుడ్డ కనిపించిన వెంటనే దిగిపోయేదాన్ని.

ఒకరోజు అట్లాగే దిగాను. నేర్పినట్టు దిగలేదు, సిగ్గుతో దూకాను. వెనక గడ్డి బండి వస్తోందని చూసుకోలేదు. తోలేవాడు పగ్గాలు లాగాడు గాని ఎద్దులు నిలవలేదు. కాడి కొన భుజానికి తగిలి, సైకిలుతో సహా పొలాలకు నీళ్ళు పారే బోదెలో పడ్డాను. ఎడమ మణికట్టు తొలిగింది. మామగారు బల్ల మీద నించి లేచి రెండు అడుగులు వేసి, నన్ను పట్టుకుని లేపడానికి లేక, అక్కడే నిలబడిపోయారు. ఎవరో ఆడవాళ్ళు వచ్చి లేపారు.

కట్టు కట్టించుకుని వచ్చాక నేను నడవలో కూర్చుని ఉంటే ఆయన గడప బయట నిలబడి, గోడ వైపు చూస్తూ మాట్లాడారు. అత్తగారు లోపల ఉంది. ఆమెను పిలవలేదు.

"నువ్వు ఎవురికి దిగినావు?" అన్నారు.

నేను తలుపు పట్టుకుని లేచి నిలబడ్డాను.

"నాకే గదా. నేను ఆడ కూర్చోబట్టే గదా." తలగుడ్డ తీసి భుజాన వేసుకున్నారు. "నీళ్ళొస్తే దిగు. ఎద్దొస్తే దిగు. మిట్టకి దిగు. మనుషులకి మాత్రం దిగొద్దు. నాక్కూడా దిగొద్దు. నీకు సిగ్గయితే నేను చూడనులే."

ఇంతకుమించి ఆ విషయం ఆయన ఎప్పుడూ ఎత్తలేదు. చెయ్యి బాగయి, నేను మళ్ళీ పనికి పోయి వస్తున్న మొదటి సాయంత్రం మలుపులో బెల్లు కొట్టాను. బల్ల మీద మామగారు చటక్కున అవతల పొలం వైపు తిరిగిపోయారు. అక్కడ ఏముందని? కోసేసిన మడి. దాన్ని అంత శ్రద్ధగా ఎవరూ చూడరు. నేను దాటిపోయేదాకా ఆయన ఇటు తిరగలేదు. ఆయన చూడలేదు కాబట్టి నేను దిగకపోవడం తప్పు కాదు. మా ఇద్దరికీ అట్లా ఒక ఒప్పందం కుదిరింది.

మిగిలిన ముగ్గురూ మాత్రం కళ్ళార్పకుండా చూసేవారు. కోడలు బెల్లు కొడితే మామ మెడ తిప్పాల్సి వచ్చిందని వెక్కిరించేవారట. ఆయన నవ్వి ఊరుకునేవారట. చెవిటాయనకు బెల్లు వినపడక, సైకిలు మీదికి వచ్చాక ఉలిక్కిపడి లేచేవాడు. ఆయన దగ్గర బెల్లును నమ్ముకోవద్దనీ, చూపునే నమ్ముకోమనీ మామగారు అత్తగారి చేత చెప్పి పంపారు. అన్నేళ్ళూ ఆ సాయంత్రాలు అట్లాగే నడిచాయి. వంతెన దిగి మళ్ళీ ఎక్కగానే అలవాటుగా ఒకసారి బెల్లు కొట్టేదాన్ని, మలుపులో ఇంకోసారి. బెల్లు మోగేది, ఆయన తిరిగేవారు, నేను దాటేదాన్ని.

ఆ తరువాత కూడా మేం మాట్లాడుకున్నది తక్కువే. ఆయన మాటలన్నీ సైకిలు దగ్గర కనిపించేవి. నేను లేవకముందే చక్రాలు నొక్కి చూసేవారు. గాలి తక్కువైతే పంపు తెచ్చి ముందు చక్రానికి ఆనించి పెట్టేవారు. కాలువకు నీళ్ళు ఎక్కువగా వచ్చి దారి మునిగితే సైకిలు తిప్పి, ముందు చక్రం ఇంటి వైపుకు పెట్టేవారు. అంటే ఈ రోజు పోవద్దని. నేను ఒడ్డు పాళేలకు పోయి వస్తే ఉప్పు కడగడానికి మంచినీళ్ళ బకెట్టు సిద్ధంగా ఉండేది. వీటిలో ఏ ఒక్కటీ నేను ఆయనకు ఎదురుగా నిలబడి మెచ్చుకున్నది లేదు. మెచ్చుకునే పద్ధతి మా ఇంట్లో లేదు.

ఇప్పుడు ఆ రోజు సంగతి.

పాళెం నించి కాలువ దాకా బాగానే తొక్కాను. ఇసక పొర్లిన చోట దిగాను, మళ్ళీ ఎక్కాను. కళ్ళు మసకబారితే ఆగి తుడుచుకున్నాను, కనపడకుండా తొక్కితే ఆయన ఊరుకోరు. వంతెన మిట్టకు దిగి నడిపించుకుంటూ ఎక్కి దిగాను. ఇంతవరకూ ఆయన చెప్పినట్టే నడిచింది.

వంతెన దిగాక, మళ్ళీ ఎక్కవలసిన చోట, దారిలో మనుషులున్నారు. మామగారి చెల్లెలి ఊరి నించి వస్తున్న బంధువుల ఆడవాళ్ళు. నోటికి కొంగులు అడ్డం పెట్టుకుని ఏడుస్తూ నడుస్తున్నారు. నేను పెడలు మీద పెట్టబోయిన కాలు నేల మీదే ఉండిపోయింది. మామ చచ్చిపోతే కోడలు సైకిలెక్కి బెల్లు కొట్టుకుంటూ వాళ్ళను దాటిపోయిందంటారేమో అనిపించింది. చావింటికి ఎక్కడన్నా సైకిలు మీద పోతారా అనిపించింది. వాళ్ళెవరూ ఏమీ అనలేదు. ఒకామె నన్ను చూసి, చెయ్యి పట్టుకుని ఇంకాస్త గట్టిగా ఏడ్చింది, అంతే. నేను సైకిలు తోసుకుంటూ వాళ్ళతో నడిచాను.

వాళ్ళలో ముసలామె ఒకతె నాలుగు అడుగులకొకసారి కూలబడుతోంది. ఆమె కోసం అందరం ఆగుతున్నాం. నేను ముందు పోతానని ఒక్క మాట అంటే సరిపోయేది. పోవమ్మా అని వాళ్ళే పంపేవారేమో కూడా. అడగలేదు. ఊళ్ళో నించి డప్పు వినపడుతోంది. నడుస్తుండగా మధ్యలో ఆ డప్పు ఆగిపోయింది. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. ఎందుకాగిందా అనుకున్నానే గాని, నాకది తట్టలేదు. గాలికి నా సైకిలు బెల్లు మూత సన్నగా గలగలమంటుంటే, ఈ దుఃఖంలో ఇదేం చప్పుడని చేత్తో అదిమి పట్టుకున్నాను. కాసేపటికి డప్పు మళ్ళీ మొదలయింది. ఈసారి అది కదిలిపోతోంది.

నేను ఇల్లు చేరేసరికి వాకిలి కడిగి ఉంది. నీళ్ళింకా పారుతున్నాయి.

అత్తగారు గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి, సైకిల్ని చూసి, "చెడిపోయిందా మే?" అని అడిగింది.

"లేదత్తా."

"మరి? నీ బెల్లు కోసరం డప్పు గూడా ఆపిచ్చినానే. ఇంకాసేపు, ఇంకాసేపని అందర్నీ బతిమాలినా. ఆ బల్ల మీదోళ్ళు ముగ్గురూ మలుపుకాడికి పొయ్యి నిలబడినారు. వంతెనకాడ బెల్లు కొడితే ఇంట్లోకి ఇనపడతాది గదా, రోజూ ఇనేవాళ్ళమే. పొద్దు తాటిచెట్ల మీదికి వచ్చిందాక ఉంచినారు."

వంతెన దగ్గర కొట్టే బెల్లు ఇంట్లోకి వినపడుతుందని నాకు తెలియదు. నాకు తెలియనిది ఇంకా ఉంది. రోజూ వంతెన బెల్లు వినపడగానే ఆయన, ఎక్కడున్నా లేచి, తలగుడ్డ చుట్టుకుని బల్ల దగ్గరికి పోయేవారట. మలుపులో నా కోసం ముఖం తిప్పుకోవడానికి ఆయన ముందుగా పోయి కూర్చునేవారు. అత్తగారు ఇది ఏడుస్తూ చెప్పలేదు, మామూలుగానే చెప్పింది.

"దారిలో మనుషులున్నారత్తా. దిగి నడిచినాను" అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. బోదెలో పడ్డ రోజు గడప అవతల ఆయన అన్న మాటలు ఆమె లోపల నించి విన్నదే. లేచి, కడవలోని నీళ్ళు నా కాళ్ళ మీద పోసి లోపలికి పొమ్మంది. ఆమె తిట్టి ఉంటే ఆ రాత్రి నాకు కొంచెం నిద్ర పట్టేది.

ఆయన నాకు నేర్పిందంతా గుర్తుంది. దూరం చూడడం, వెనక చూసుకోవడం, ఎక్కడ దిగాలో తెలుసుకోవడం, అన్నీ చేతుల్లోకీ కాళ్ళల్లోకీ ఇంకిపోయాయి. ఎక్కడ దిగకూడదో అన్న ఒక్కటి మాత్రం ఆయన బల్ల మీద కూర్చున్నన్నాళ్ళూ ఆయనే నా బదులు మోశారు. నేను ధైర్యంగా సైకిలు తొక్కే ఆడదాన్నని బ్లాకు ఆఫీసులో చెప్పుకున్నారు, నేనూ నమ్మాను. ఆయన ముఖం తిప్పుకుంటేనే అది ధైర్యమని ఇప్పుడు తెలిసింది. తెలిసి సిగ్గుపడుతున్నాను. ఇదివరకు సైకిలు ఎక్కినందుకు పడిన సిగ్గు దీని ముందు ఏపాటిది?

దినాలు అయిపోయాక మొదటిసారి పనికి పోయాను. చక్రాలు నేనే నొక్కి చూసుకున్నాను. మధ్యాహ్నమంతా పాళెంలో ఆ చంటిబిడ్డ ఇంటి ముందు కూర్చున్నాను. ఆ రోజు సగంలో వదిలేసిన జావ సంగతి మళ్ళీ మొదటి నించీ చెప్పాను. పొద్దు వాలుతుండగా తిరుగు ప్రయాణం పట్టాను. వంతెన మిట్టకు దిగి, అవతలి వైపు మళ్ళీ ఎక్కాను. బెల్లు మీద వేలు పెట్టాను. ఇంట్లో వినేవాళ్ళున్నారని గుర్తొచ్చి కొట్టాను.

మలుపు తిరిగేసరికి బల్ల మీద ముగ్గురూ ఉన్నారు. ఆయన కూర్చునే చివర ఖాళీగా ఉంది. నా కాళ్ళు వాటంతట అవే దిగబోయాయి. దూరం చూడమని చెప్పుకుని, దిగకుండా, మళ్ళీ ఒకసారి బెల్లు కొట్టాను. ఇన్నేళ్ళూ కళ్ళార్పకుండా చూసినవాళ్ళలో ఇద్దరు అవతల పొలం వైపు తిరిగిపోయారు. చెవిటాయనకు బెల్లు వినపడలేదు, నా వైపే చూస్తున్నాడు. పక్కాయన చెయ్యి చాపి, ఆయన గడ్డం పట్టుకుని, మెల్లగా అటు తిప్పాడు.